నిన్నటి ఆజ్ఞ

చిలుకేరు ఎండిపోయి పదహారేళ్లయింది. అయినా తెప్పలదిన్నె పడవవాళ్లు పడవలకు నీళ్లు పోయడం మానలేదు.

ప్రతి పొద్దునా ఇంటికొకరు కడవెడు బావినీళ్లు మోసుకొచ్చి, ఇసుకలో కూరుకుపోయిన పడవ పలకల మీద పోసేవారు. తడి ఆరిందా, పలక బీటలిస్తుంది. బీటలిచ్చిన పడవ మళ్లీ ఏటి మొహం చూడదు. ఏరే లేనప్పుడు పడవెందుకని అడిగే నోరు ఆ ఊళ్లో ఒక్కటీ లేదు. పైగా కులపెద్ద ఒడ్డున పీట వేసుకుని కూర్చుని, "ఎడమకు తిప్పండ్రా! సుడి ఉందక్కడ, సుడి!" అని కేకలు వేస్తుంటే, పెళ్లీడుకొచ్చినవాళ్లు ఇసుకలో తెడ్లు వేస్తూ చెమటలు కక్కేవారు. పడవవాడి కొడుకు పడవవాడే కావాలి మరి. తెడ్డు భుజాన లేకుండా గడప దాటితే అపచారం.

అలా ఇసుకలో తెడ్డు వేసి వేసి కండలు పెంచినవాడు చెన్నుడు. ఇప్పుడతను ఊరు వదిలి తొమ్మిదో రోజున, భుజాన తెడ్డు, నడుముకు సొరకాయ బుర్రలో గుక్కెడు నీళ్లు పెట్టుకుని, ఎండిన ఏటి వెంట ఎగువకు నడుస్తున్నాడు.

బావి అడుగంటింది. పున్నమినాటికి ఏట్లో నీళ్లు కనబడకపోతే ఊరు ఎత్తేసి తలోదిక్కూ పోదామని పెద్దలు తేల్చేశారు. అందరూ మూటలు కట్టుకుంటుంటే చెన్నుడి భార్య చెంగల్వ మాత్రం ఏడో నెల కడుపుతో పోయి పడవలో చాప పరుచుకుంది. "నీ బిడ్డ నీళ్ల మీద పుట్టాలి. ఏరు తెస్తావో, మమ్మల్నిద్దరినీ ఈ ఇసుకలోనే ఉంచేస్తావో నీ ఇష్టం" అంది. ఆమె ఒక మాటంటే అన్నట్టే. పున్నమి ఇంకా మూడు రోజుల్లో పడింది. ఎగువన ఏటిని ఆపిన తూము ఎత్తాక నీళ్లు ఊరు చేరడానికి రెండు రోజులు పడుతుంది.

ఆ తూము ఉన్నది వినతపురంలో. దాన్ని మూయించినవాడు మంచును పెంచి పోషించే మాంత్రికుడు నీహారకేతుడు. తెడ్డుతో వాడి బుర్ర పగలగొట్టి తూము ఎత్తాలన్నది చెన్నుడి పథకం. అంతకు మించి ఆలోచించే అలవాటు అతనికి లేదు.

పొద్దు పొడిచేవేళకు ఏటిగర్భం ఇరుకై రెండువైపులా కొండలు లేచాయి. గులాబిరంగు రాతిగోడలు. వాటి మీద ఒకనాటి నీటి మట్టాలు చారలు చారలుగా మిగిలి, ఎత్తు తగ్గుతూ తగ్గుతూ వచ్చి కాళ్ల దగ్గర ఆగిపోయాయి. నేలంతా నున్నటి గులకరాళ్లు. వాటి మధ్య అక్కడక్కడా పొడవాటి బండలు, నోళ్లు తెరుచుకుని పడుకున్న మొసళ్ల ఆకారంలో. చెన్నుడు ఒకదాని వీపు మీద కూర్చుని బుర్ర మూత తీశాడు. పెదవి తడుపుకోబోతుంటే ఒక్క చుక్క జారి బండ మీద పడింది.

బండ కన్ను తెరిచింది.

కన్ను మూసి తెరిచేలోగా చెన్నుడు గాల్లో ఉన్నాడు. తోక విసురుకు పది బారల అవతల పడి, లేచేసరికి రాతి మొసలి రంకె వేసుకుంటూ మీదికి వస్తోంది. పక్కకు దూకాడు. రాతిపళ్లు అతని పంచె కొస పట్టుకుని చీల్చాయి. మళ్లీ నోరు తెరిచింది. చెన్నుడు తెడ్డును నిలువునా ఆ నోట్లో దిగేసి, రెండు దవడల మధ్య గుంజ పాతినట్టు బిగించాడు. మొసలి గింజుకుంది, తల విదిల్చింది, దగ్గింది. ఆ దగ్గుకు గొంతులోంచి ఏదో తళుక్కుమని ఎగిరి వచ్చి చెన్నుడి గుండెకు తగిలి కింద పడింది. అంతలో వీపు మీద చుక్క ఆరిపోయింది. మొసలి అలాగే నోరు తెరుచుకుని మళ్లీ రాయైపోయింది.

తెడ్డు ఊడబెరుక్కుని చూస్తే, కింద పడింది ఒక పావుకోడు. ఒక్కటే. చందనపు చెక్క, చుట్టూ ఏడు బంగారు గజ్జెలు. దీంతో పనేమిటో తెలియకపోయినా, ఆపదలో చేతికొచ్చిన వస్తువును పారేయకూడదని మూటలో కట్టుకున్నాడు.

లోయ దాటేసరికి మంచు. తెల్లగా, వెచ్చగా, పాలు పొంగినట్టు దారంతా నిండిన మంచు. అందులో నడుస్తుంటే నడుస్తున్నట్టే అనిపించదు, ఎవరో ఊయలలో మోసుకుపోతున్నట్టుంటుంది. ఎక్కడో వీణతీగ మీటినట్టు చిన్న చప్పుడు, ఆగి ఆగి మళ్లీ చిన్న చప్పుడు. దగ్గరికి పోగాపోగా అవి గజ్జెలని తెలిసింది. మంచులోంచి వినతపురం కోటగుమ్మం, ముత్యాల రంగు గోపురాలు, గోపురాల మీద నిద్రపోతున్న కొంగలు మెల్లగా బయటపడ్డాయి.

గుమ్మం దగ్గర ఇద్దరు భటులు తలలు వంచుకుని నిలబడ్డారు. చెన్నుడు తెడ్డు సవరించుకుని ఎదురుగా పోయి నిలుచున్నాడు. వాళ్లు అతని పాదాలకేసి చూశారు.

"చల్లగాలి వీచినట్టుంది బావా" అన్నాడొకడు.

"తలుపు తీసి ఉంది కదా, వీస్తుంది మరి" అన్నాడు రెండోవాడు.

చెన్నుడికి వాళ్లు వేళాకోళం చేస్తున్నారనిపించింది. "నేను తెప్పలదిన్నె చెన్నుణ్ణి!" అని అరిచాడు. గాలి జోరు పెరిగిందని వాళ్లు ఉత్తరీయాలు సర్దుకున్నారు. ఇక చేసేదేముంది, దర్జాగా లోపలికి నడిచాడు.

ఊరంతా అదే తంతు. సంతలో, వీథిలో, మేడ మెట్ల మీద, ఎక్కడ చూసినా వంగిన తలలే. ఒకరి మొహం ఒకరు చూడరు. పావుకోళ్లకు గజ్జె ఒకటుంటే ఒక మర్యాద, రెండుంటే ఇంకో మర్యాద. రెండు గజ్జెలవాడు ఎదురైతే ఒక గజ్జెవాడు పక్కకు తప్పుకుంటాడు, మూడు గజ్జెలు వినబడితే ఇద్దరూ గోడకు అతుక్కుంటారు. పెళ్లాం మొగుణ్ణి కూడా గజ్జె చప్పుడుతోనే గుర్తుపడుతుందట. పావుకోళ్లు లేని కాళ్లు వాళ్ల లెక్కలో కాళ్లే కావు. ఉత్త పాదాలతో వచ్చినవాడు ఆ ఊళ్లో లేడు. చెన్నుడు ఒక అరుగు మీది అరటిపండు తీసి తిన్నా, "పండు రాలిపోయినట్టుంది" అన్నారే గాని కోప్పడ్డవాడు లేడు. కాసేపు సరదాగానే ఉంది. ఆ తరువాత దాహానికి నీళ్లడిగితే ఎవరూ పలకనప్పుడు భయమేసింది.

ఊరి నడుమ పెద్ద మడుగు. చిలుకేరు నీరంతా తూముకు ఆగి అక్కడ నిలిచి, అద్దంలా పరుచుకుని, తామరలతో నిండి ఉంది. పదహారేళ్లుగా తెప్పలదిన్నెకు రాని నీరు! చెన్నుడికి దుఃఖం పొంగుకొచ్చింది. మడుగు నడుమ దీవి మీద నీహారకేతుడి నల్లరాతి కోట. కోటకూ ఒడ్డుకూ మధ్య ఒక పడవ ఆడుతోంది.

"ఏం తమ్ముడూ, అట్టా బిత్తరపోయి చూస్తున్నావ్, ఎక్కు" అన్నారెవరో.

ఊళ్లో అడుగు పెట్టాక తనతో మాట్లాడిన మొదటి మనిషి! పడవవాడు తల ఎత్తే ఉన్నాడు. అతని కాళ్లకూ పావుకోళ్లు లేవు.

"నేను కనబడుతున్నానా అన్నా?"

"కనబడకేం, తెడ్డుతో సహా కనబడుతున్నావు. తడిసిన పలక మీద పావుకోళ్లు జారతాయి. అందుకే పడవవాళ్లం వేసుకోం. వేసుకోం గనక మేమూ లేం. పెద్దోళ్లు ఎక్కుతారు, దిగుతారు, పడవ దానంతటదే పోతోందనుకుంటారు." అతను పకపకా నవ్వాడు. అతని పేరు పైడన్న. చెన్నుడి మొహం చూసి మరో మాట అడగకుండా కుండలోంచి అంబలి పోసి, కాల్చిన చేప ముక్క చేతిలో పెట్టాడు.

చెన్నుడు ఆబగా తాగుతుంటే పైడన్న చెప్పుకొచ్చాడు. అతను పుట్టు పడవవాడు కాదు, కోటలో మల్లెతోట మాలి. తూము మూశాక నీళ్లు తోటమీదికి వచ్చాయి. మర్నాడు కోటనుంచి ఆజ్ఞ దిగింది, మాలులందరూ పడవలు నడపాలని. మునిగిన మల్లెపొదలకు దణ్ణం పెట్టి తెడ్డు పట్టారు.

"మొదట్లో ఏడ్చాం తమ్ముడూ. ఇప్పుడు నలభై గడపలు ఈ నీళ్ల మీదే బతుకుతున్నాయి. మావాడు ఈ పడవలోనే పుట్టాడు. నేల మీద నడవమంటే తూలిపోతాడు, నమ్ముతావా?"

చెన్నుడు అంబలి పక్కన పెట్టాడు. "ఈ నీళ్లు పోతేనో అన్నా?"

"నీళ్లెక్కడికి పోతాయి! ఆజ్ఞ ఉందిగా" అన్నాడు పైడన్న, తామరాకులను తెడ్డుతో పక్కకు తోస్తూ.

చెన్నుడు తన పని ఏమిటో చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెంగల్వ ఇసుకలో పడవ మీద కూర్చోవడం కళ్లకు కట్టింది. దీవి రాగానే తల తిప్పుకుని దిగిపోయాడు.

కోటకు ఐదు ద్వారాలు, ద్వారానికొక పాలకుడు. ఉత్త కాళ్లతో లోపలికి పోవడానికి అడ్డు చెప్పేవాళ్లు లేరు గాని, మూసిన తలుపులు గాలికి తెరుచుకోవు కదా. అప్పుడు గుర్తొచ్చింది మూటలో పావుకోడు. కుడికాలికి తొడిగి ఒక అడుగు వేశాడు. ఏడు గజ్జెలూ ఘల్లుమన్నాయి. మొదటి ద్వారపాలకుడు వణికిపోతూ వంగాడు. ఎడమ అడుగు పడింది. చప్పుడు లేదు. వాడు లేచాడు. మళ్లీ ఘల్లు. మళ్లీ వంగాడు.

"ప్రభువు వస్తున్నారా, రావడం లేదా?" అని వాడు లోపలికి కేకేశాడు.

"సగం వస్తున్నట్టున్నారు" అన్నాడు రెండో ద్వారపాలకుడు.

సగం ప్రభువుకు సగం మర్యాద చేయాలి గనక, తలుపు ఒక రెక్క మాత్రమే తీశారు. చెన్నుడు పక్కకు తిరిగి దూరాడు. రెండో ద్వారమూ అలాగే దాటాడు. మూడో ద్వారం దగ్గర చిక్కొచ్చిపడింది. అక్కడివాడు నియమాలు నమిలి మింగినవాడు. కిందికి చూస్తూ, "ఈ కుడిపాదం ప్రభువుది. మరి పక్కన ఈ ఉత్తపాదం ఎవడిది? లేనివాడెవడో ప్రభువుకు ఆనుకుని నిలబడ్డాడు!" అని కత్తి దూసి చెన్నుడి ఎడమ మడమకు గురిచూశాడు. కత్తి దిగేలోగా చెన్నుడు ఎడమకాలు పైకి మడిచేశాడు. కత్తి రాతినేలకు తగిలి నిప్పులు రాలాయి. ఆ మీదట మూడు, నాలుగు, ఐదు ద్వారాలూ తొక్కుడుబిళ్ల ఆడేవాడిలా ఒంటికాలి మీద గెంతుకుంటూ దాటాడు. ప్రతి గెంతుకూ ఏడు గజ్జెలూ మోగాయి. రెండు రెక్కలూ తెరుచుకున్నాయి.

లోపలి మందిరం నిండా మంచు. స్తంభాల మధ్య నిలువెత్తు పొగమంచు తెరలు ఊగుతున్నాయి. నేల నల్లటి రాయి. చివర్న ఎత్తైన నీలిరాతి గద్దె. చెన్నుడు తెడ్డు రెండు చేతులా ఎత్తి, "కాచుకోరా!" అంటూ ఉరికాడు.

గద్దె ఖాళీ. దాని మీద గుప్పెడు బూడిద, గద్దె ముందు గజ్జెలన్నీ రాలిపోయిన ఎడమకాలి పావుకోడు ఒక్కటే.

ఎత్తిన తెడ్డు ఎక్కడ దించాలో చెన్నుడికి తెలియలేదు. పదహారేళ్ల కోపం తెచ్చి ఒక గుప్పెడు బూడిద ముందు పెడితే ఏమవుతుంది? అంతలో బయట గజ్జెలు వినబడ్డాయి. దాక్కునే చోటు లేదు. చటుక్కున ఎడమ పావుకోడు కూడా తొడుక్కుని గద్దె మీద కూర్చున్నాడు.

తలవంచుకుని ఒక ముసలామె వచ్చింది. ఆమె ఆజ్ఞ మోసే నాంచారి. అదే సమయంలో మధ్యాహ్నపు కంచుగంట ఖంగుమంది.

"నిన్నటి ఆజ్ఞే కదా ప్రభూ?" అంది నాంచారి. గంట మోత పలుచనై పలుచనై మంచులో కలిసిపోతుంటే, అది ఆగవచ్చేదాకా నిలబడి, అలవాటు చొప్పున వెనక్కి తిరగబోయింది.

"కాదు" అన్నాడు చెన్నుడు.

ముసలామె ఇటు తిరిగింది. తరువాత నెమ్మదిగా తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. టింగుమని ఏదో రాలిన చప్పుడైంది గాని, ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఎవరు నాయనా నువ్వు? ఎవడో ఒకడు వస్తాడని ఎదురుచూసీ చూసీ నా కళ్లు కాయలు కాశాయి."

"వాడు చచ్చాడని నీకు తెలుసా అవ్వా?"

"రెండో రోజే తెలిసింది" అని నాంచారి గద్దె మెట్టు మీద కూలబడింది. "ఒకనాడు ఏటిలో ఆయన కుడి పావుకోడు కొట్టుకుపోయింది. అది దొరికేదాకా తూము మూయమన్నాడు. ఆ పావుకోడుతోపాటు బలమూ పోయినట్టుంది, సాయంత్రానికే కూలిపోయాడు. మర్నాడు వచ్చి 'నిన్నటి ఆజ్ఞే కదా' అన్నాను. పలకలేదు. గంట మోత ఆగేలోగా పలకకపోతే నిన్నటిదే ఈరోజుదీ, అది రివాజు. నిన్నటిదే పట్టుకుపోయాను. ఎందుకో అనుమానమొచ్చి ఆ తరువాత తల ఎత్తితే, బూడిద!"

"మరి పావుకోడు దొరికేదాకా అన్న మాట ఏమైంది?"

"ఐదు ద్వారాలు దాటాలి కదయ్యా. ఏ పని చేయాలో అడుగుతారు గాని, ఎందుకో ఎవడడుగుతాడు? వారం తిరిగేసరికి తూము మూయమన్నదే మిగిలింది."

చెన్నుడికి ఒళ్లు మండిపోయింది. తన ఊరు పదహారేళ్లు ఎండింది ఒక చెప్పు కోసమా! అదీ అడిగినవాడు లేని చెప్పు కోసమా! "నువ్వే ఒక మాట చెప్పొచ్చు కదా, తూము ఎత్తమన్నాడని!"

"ఎట్టా చెప్తాను? నేను ఆజ్ఞ మోసేదాన్ని, వేసేదాన్ని కాదు. నిన్నటిది తీసుకుపోతే అబద్ధం కాదు నాయనా. కొత్తది పుట్టిస్తే అబద్ధం." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆయన లేడని అరుద్దామనీ అనుకున్నాను. ద్వారాల దగ్గర వాళ్లంతా ఎంత భక్తిగా వంగి ఉన్నారో చూస్తే నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ముసలిదాన్నయిపోయాను."

ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా చెన్నుడికి రాలేదు. ఇసుకలో తెడ్డు వేసినవాడు తాను మాత్రం ఎవరినేమి అనగలడు? పైడన్న పడవ మనసులో మెదిలింది. మొత్తం ఎత్తేస్తే మడుగు ఖాళీ. ఎత్తకపోతే చెంగల్వ బతకదు. కాసేపు తల గోక్కుని, "తూము జానెడు ఎత్తమను" అన్నాడు.

నాంచారి ఆ మాటను గుండెకు హత్తుకున్నట్టు రెండు చేతులూ ఎదపై పెట్టుకుని వెళ్లింది. ఐదు ద్వారాల గుండా ఆజ్ఞ ఒక గొంతునుంచి ఇంకో గొంతుకు మారుతూ పోయింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. కొంతసేపటికి కొండల అడుగునుంచి గురగురమని ఒక శబ్దం లేచింది. పదేళ్ల వయసులో విన్న శబ్దం! చెన్నుడు పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడ్చి, మొహం తుడుచుకుని, ఇంటికి బయలుదేరుదామని లేవబోయాడు. పావుకోళ్లు నేలను వదల్లేదు. పాదాలు పావుకోళ్లను వదల్లేదు. లాగాడు, తెడ్డుతో పెకలించాడు, చివరికి బూతులు కూడా తిట్టాడు. పొద్దు వాలింది, మళ్లీ పొడిచింది. నీహారకేతుడి గద్దె మీద చెన్నుడు అలాగే ఉన్నాడు.

తెల్లవారాక మంచు కాస్త విడిపోయి, కిటికీలోంచి మడుగు అవతలి ఒడ్డు కనబడింది. నిన్న నీళ్లున్న చోట నల్లటి బురద తేలింది. ఒడ్డు పల్లంగా ఉన్న వైపు నీరు చాలా దూరం వెనక్కి పోయింది. ఆ బురదలో ఒక పడవ ఒరిగి ఉంది. ఒక మనిషి కడవతో నీళ్లు మోసుకొచ్చి, ఎండ తగిలిన పలకల మీద పోస్తున్నాడు. పోసి, అరచేత్తో పలక తడిమి చూసి, మళ్లీ పోతున్నాడు. అతను పైడన్న.

అది ఎవరూ నేర్పకుండానే చేతికొచ్చే పని. తన తండ్రి సరిగ్గా అలాగే తడిమి చూసేవాడు.

"అవ్వా! ఆ మనిషిని తీసుకురా" అని నాంచారిని కేకేశాడు.

మధ్యాహ్నపు గంట మోగడానికి గడియ ముందు నాంచారి వచ్చింది. ఆమె గజ్జెలకు తలుపులు తెరుచుకుంటే, వెనకే లేనివాడిలాగా పైడన్న వచ్చాడు, చంకలో నిండుకడవ అలాగే ఉంది. ప్రభువు పావుకోళ్లు కనబడగానే మోకాళ్ల మీద కూలి తల వాల్చేశాడు.

"మావాణ్ణి పడవలోంచి దింపాల్సొచ్చింది ప్రభూ. వాడికి నడక రాదు. నలభై పడవలు బురదలో కూరుకుపోతున్నాయి. మేం ఏం తప్పు చేశాం?"

పలక్కుండా ఊరుకోవచ్చు. ఇంకాసేపట్లో గంట మోగుతుంది, నిన్నటి ఆజ్ఞే నిలుస్తుంది. తన మొహం పైడన్నకు ఎన్నటికీ తెలియదు. గద్దె మీద కూర్చుంటే ఎంత సుఖమో చెన్నుడికి అప్పుడు అర్థమైంది. దానికే అతనికి భయమేసింది.

"తల ఎత్తు పైడన్నా. తూము ఎత్తమన్నది నేనే."

పైడన్న తల ఎత్తాడు. పాదం దగ్గర మళ్లీ టింగుమంది. బంగారు గజ్జె ఒకటి తెగి దొర్లిపోయింది.

"నువ్వా! నా అంబలి తాగి, నా పడవలో వచ్చి..." అంటూ పైడన్న లేచాడు.

"నీకు చెప్పకపోవడం నా తప్పే అన్నా. మా ఊళ్లో పదహారేళ్లుగా ఇట్టాగే పోస్తున్నాం కడవలతో. ఈ పూట కూడా నా పెళ్లాం పోస్తూ ఉంటుంది."

నాంచారి నేల మీద పడిన గజ్జెలు చూస్తోంది. నిన్న ఒకటి, నేడొకటి. "మొహం చూస్తే తెగుతున్నాయి! తన మొహం ఎవరూ చూడకూడదని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. అన్నీ తెగితే పావుకోళ్లు నిన్ను వదులుతాయేమో, ఇంకా ఐదున్నాయి నాయనా!"

"ఐదు ద్వారాలవాళ్లనూ రమ్మను. తలలెత్తమను!" అని చెన్నుడు గట్టిగా అరిచాడు.

అక్కడే పొరపాటు జరిగింది. తలెత్తమన్నవాడు ప్రభువు కాడు, శత్రువు, అని ఆ కోటలో పాలతోపాటు పట్టే పాఠం. తలుపులు దభాలున తెరుచుకున్నాయి. ఐదుగురు ద్వారపాలకులూ కత్తులు దూసుకుని, తలలు వంచుకునే పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు కనబడేది పాదాలే గనక ఐదు కత్తులూ చెన్నుడి చీలమండలకే గురిపెట్టి ఉన్నాయి. పాదాలేమో కదలవు. కంచుగంట ఖంగుమంది. చెన్నుడు మొదటి కత్తిని తెడ్డుతో కొట్టాడు, రెండోదాన్ని తోశాడు. మూడోది తెడ్డును సగానికి నరికింది. నియమాలవాడు నాలుగో కత్తి పైకెత్తాడు.

చెన్నుడి చూపు పైడన్న కడవ మీద పడింది. కింద చూస్తే నల్లరాయి, నున్నటి రాయి.

"అన్నా! ఆ నీళ్లు నేల మీద పొయ్యి!"

పైడన్న కడవను గుండెకు అదుముకున్నాడు. అవి తన పడవ నీళ్లు. చెన్నుణ్ణి చూశాడు, విరిగిన తెడ్డును చూశాడు. పదహారేళ్లు కడవలు మోసిన ఊరొకటి ఆ మొహంలో అతనికి కనబడిందేమో, ఇక ఆలోచించలేదు. పడవ పలక మీద పోసినట్టే, ఒక్క చుక్క వృథా పోనివ్వకుండా, నెమ్మదిగా గద్దె ముందు పోశాడు.

నల్లరాతి మీద నీళ్లు పరుచుకున్నాయి. వంగిన ఐదు తలల కింద అద్దం తేలింది. అందులో గద్దె, గద్దె మీద చెమటతో తడిసిన ఒక పడవవాడి మొహం, దాని పక్కనే, పుట్టి ఎన్నడూ చూసుకోని తమ మొహాలు.

ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండగా, నియమాలవాడు నీళ్లలోకి ఇంకాస్త వంగాడు. "ఎవరిది ఈ మొహం?" అన్నాడు. వాడు అడిగింది ఏ మొహం గురించో ఎవరికీ తెలియలేదు. వాడి నోట ప్రశ్న రావడం మాత్రం అదే మొదటిసారి.

టింగుమని ఒక గజ్జె తెగింది. ఇంకా నాలుగున్నాయి, మిగతా నాలుగు కత్తులూ లేచే ఉన్నాయి, గంట మోత ఆగిపోబోతోంది. అది ఆగేలోగా చెన్నుడు పలకాలి, లేకపోతే నిన్నటి ఆజ్ఞే.